క్రిస్మస్ పొద్దున ఇరవై మందికి వండి పెట్టడం: నా అనుభవం

మా చర్చిలో క్రిస్మస్ ఆరాధన పొద్దున ఎనిమిదింటికి మొదలవుతుంది. అయ్యగారి దీవెన అయ్యేసరికి పదిన్నర. ఆ తర్వాత గేటు దగ్గర షేక్ హ్యాండులు, ఫోటోలు, ఏడాదికోసారి కనిపించే వాళ్ళతో కబుర్లు, అన్నీ ముగించుకుని ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు టిఫిన్ పెడితే మధ్యాహ్నం భోజనం ఎవరూ ముట్టుకోరు. ఒకేసారి భోజనం పెడదామంటే తెల్లారి లేచి టీ, బిస్కెట్ మీద బయల్దేరిన పిల్లలు ఆగరు. గుంటూరులో మా చుట్టాల ఇళ్ళల్లో చాలా చోట్ల ఇదే గొడవ. దీనికి మా అమ్మ పట్టుకున్న ఉపాయం ఒకటే: ఆఖరి కీర్తన ఎత్తుకోగానే చప్పుడు చెయ్యకుండా లేచి, చెప్పులు వెతుక్కుని, ఆటో ఎక్కెయ్యడం. మేము ఇంటికి వచ్చేసరికి ఆవిడ పట్టుచీర మీద తువ్వాలు చుట్టుకుని మూకుడు ముందు ఉండేది. నాకు తెలిసి ఆవిడ క్రిస్మస్ దీవెన చర్చిలో కూర్చుని విని చాలా ఏళ్ళయింది.

పోయిన డిసెంబర్లో ఈ వంట నా మీద పడింది. మా ఆవిడ క్వయర్‌లో పాడుతుంది. నవంబరు ఆఖరు నుంచి సాయంత్రాలన్నీ ప్రాక్టీసులకీ, సెమీ క్రిస్మస్‌లకీ, ఇంటింటి కేరల్స్‌కీ పోతాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. నాకు వంట కొత్తేం కాదు, ఆదివారం చికెన్ ఎప్పుడూ నాదే. సరే నేనే చేస్తానన్నాను, కానీ ఒక షరతు పెట్టాను. దీవెన అయ్యేదాకా ఇంట్లో వాళ్ళు ఒక్కరూ లేవకూడదు. పదకొండున్నరకి టిఫినూ భోజనమూ కలిపి ఒకటే పూట, మళ్ళీ రాత్రి దాకా పొయ్యి వెలిగించేది లేదు.

అమ్మ నవ్వింది. వేడి వేడిగా ఎవరు పెడతారు అంది.

అసలు పనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఏం వండాలి అనేదానికన్నా ముందు, నేను చర్చిలో మూడు గంటలు కూర్చుంటే పాడవకుండా ఆగేది ఏది అని చూసుకున్నాను. దోసెలు ఆగవు, ఒకరు పెనం దగ్గర కాపలా ఉండాలి. పూరీలూ అంతే. ఆమ్లెట్లు ఇరవై మందికి వేస్తే మొదటివాడు చెయ్యి కడుక్కునేసరికి ఆఖరివాడికి ప్లేటు వస్తుంది. బిర్యానీ దమ్ము మీద ఉంచొచ్చు కానీ పదకొండున్నరకి బిర్యానీ తింటే ఎవరైనా మధ్యాహ్నమంతా మంచం మీదే, చూడటానికి వచ్చేవాళ్ళతో మాట్లాడేది ఎవరు? ఇలా కొట్టేసుకుంటూ పోతే మిగిలినవి ఇవి: నాటుకోడి పులుసు, కీమా, పులిహోర, సేమ్యా పాయసం, కేకు, ముందే చేసిన పిండివంటలు, పళ్ళు. అప్పటికప్పుడు వేడిగా చెయ్యాల్సింది ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను, గారెలు. నాటుకోడి ఉండి గారెలు లేకపోతే మా బావ తినడం మానెయ్యడు గానీ, వచ్చే క్రిస్మస్ దాకా దెప్పుతాడు.

ఇక్కడ ఒక మాట. మా సంఘం లూథరన్ సంఘం, 1842లో మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చినప్పుడు మొదలైన పరంపర. ఆరాధన క్రమం పుస్తకంలో ఉన్నట్టు నడవాల్సిందే, ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం) కూడా ఉందంటే ఇంకాస్త పడుతుంది. అందుకని పదిన్నర అని రాసుకున్నా, ప్లానులో ఇంకో అరగంట సాగినా ఏదీ చెడకుండా చూసుకున్నాను. ఆ అరగంటే తర్వాత పనికొచ్చింది.

కేకుతో మొదలుపెట్టాను. మా ఇంట్లో రమ్ము వాడరు, కాబట్టి పళ్ళని నెలల ముందు నానబెట్టే పద్ధతి మాకు కుదరదు. నారింజ రసంలో అన్ని రోజులు ఉంచితే పులిసిపోతుంది. దానికి బదులు 400 గ్రాముల పళ్ళు (కిస్‌మిస్, నల్ల ద్రాక్ష, ఖర్జూరం ముక్కలు, చెర్రీలు, కాస్త టూటీ ఫ్రూటీ) ఒక గిన్నెలో వేసి, మునిగీ మునగనంత నారింజ రసం పోసి, సన్న సెగ మీద రసం ఇగిరేదాకా ఉడికించి, చల్లార్చి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. రసం లోపలికి పట్టి ఉబ్బుతాయి. రంగు కోసం పాకం: 100 గ్రాముల పంచదార నీళ్ళు పొయ్యకుండా కరిగించి, ముదురు గోధుమ రంగు దాటి కొంచెం పొగ వస్తున్నప్పుడు దించి అరకప్పు వేడినీళ్ళు పొయ్యాలి. పోసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, భయంకరంగా చిమ్ముతుంది, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు. మిగతాది మామూలే: 250 గ్రాముల మైదా, 200 వెన్న, 200 పంచదార పొడి, 4 గుడ్లు, చెంచాడు బేకింగ్ పౌడరు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపి కొట్టిన పొడి. పళ్ళని చివర్లో గుప్పెడు మైదాలో పొర్లించి కలిపితే అడుక్కి దిగవు. 160 డిగ్రీల దగ్గర గంట పైన పట్టింది, పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఇలాంటివి రెండు చేశాను. పూర్తిగా చల్లారాక బటర్ పేపరూ, దానిమీద ఫాయిలూ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను. నాలుగు రోజులు ఆగిన కేకు మొదటిరోజు కన్నా బాగుంటుంది, ముక్కలు కూడా పొడిపొడి కాకుండా శుభ్రంగా తెగుతాయి. సికింద్రాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మ వాళ్ళయితే పిండి కలిపి డబ్బాల్లో పోసుకుని బేకరీకి పట్టుకెళ్ళి కాల్పించుకుంటారు, ఆ కట్టెల పొయ్యి వాసన మన ఓవెన్‌లో రాదని పెద్దమ్మ వాదన. నిజమే కావచ్చు.

పిండివంటల్లో అరిసెలు నేను ముట్టుకోలేదు, పాకం చూడటం అమ్మ పని. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే మరకి తీసుకెళ్ళడం వరకే నాది. డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి మర దగ్గర డబ్బాల వరుస చూడాలి, క్రిస్మస్ వాళ్ళం కొందరం, ముందే సంక్రాంతి పని మొదలుపెట్టిన వాళ్ళు కొందరు. గులాబీ పువ్వులు మాత్రం నేనే వేశాను. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, పంచదార, కొబ్బరిపాలు పల్చగా కలిపి, కాగిన నూనెలో అచ్చుని బాగా వేడెక్కనిచ్చి పిండిలో ముంచాలి. ముప్పావు వంతే మునగాలి. అచ్చు పైఅంచు దాటి పిండి పట్టుకుందా, పువ్వు ఇక ఊడదు, స్పూనుతో గీక్కోవాల్సిందే. ఓపిక ఉన్నవాళ్ళకి ఇది చాలా సరదా పని, లేనివాళ్ళు కొనుక్కోవడం మేలు.

ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టాను. తెల్లారగట్లే తెచ్చిన నాటుకోడి మూడు కేజీలు, కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, వేయించిన ధనియాలు, గసగసాలు, కొబ్బరి నూరిన ముద్దతో పులుసు పెట్టాను. కేజీ కీమా బఠాణీలతో పొడిగా వేయించాను, బన్నుల్లో పెట్టుకోవడానికి. అప్పుడు అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఒరేయ్, పండగ పూట ఇంటికొచ్చిన వాళ్ళకి రాత్రి కూర పెడతావా?"

నాకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నాటుకోడి పులుసు మర్నాటికే రుచి అని మొన్నటిదాకా నువ్వే అనేదానివి కదమ్మా అన్నాను. "అది మనకిరా, చుట్టాలకి కాదు" అంది. చివరికి రాజీ ఏమిటంటే, పులిహోర మాత్రం పొద్దున్నే ఆవిడ కలుపుతుంది, కూర్చుని. పులిహోర పులుసు రాత్రే ఉడికించి సీసాలో పోసి ఉంచాను. తెల్లవారుజామున కేజీ బియ్యం అన్నం వండి పళ్ళెంలో ఆరబోసి పోపు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఉప్పు చూసింది, పసుపు తక్కువైందంది, పల్లీలు ఇంకా వెయ్యమంది. కలిపింది. పులిహోర గంటలు గడిచేకొద్దీ బాగుపడే వంట కాబట్టి ఏడింటికి కలిపినది పదకొండున్నరకి సరిగ్గా ఉంటుంది.

గారెలకి కేజీ మినపగుళ్ళు సాయంత్రం నానబోసి రాత్రి గ్రైండర్‌లో గట్టిగా రుబ్బాను. ఉప్పు వెయ్యలేదు. ముందే ఉప్పు వేస్తే పిండి నీరు వదులుతుంది, గారె నూనె తాగుతుంది. పిండి ఫ్రిజ్‌లో పెట్టి, వేసే ముందు ఉప్పు, మిరియాలు, పచ్చిమిర్చి, అల్లం కలిపి చేత్తో బాగా గిలకొడితే మళ్ళీ తేలికవుతుంది. నీళ్ళలో చిన్న ఉండ వేస్తే తేలాలి, అదే గుర్తు. పాయసం విషయంలో కూడా ఒక చిన్న ఏర్పాటు: సేమ్యా ఆగితే ముద్దకడుతుంది, అందుకని నేతిలో వేయించిన సేమ్యా తక్కువ పాలల్లో ఉడికించి, యాలకుల పొడి, పంచదార వేసి కాచిన పాలు వేరే ఫ్లాస్కులో పోసి ఉంచాను. వడ్డించే ముందు కలిపితే సరిపోయింది.

కింద వాటాలో ఉండే పిన్నిగారు వాళ్ళు శాకాహారులు, ఏటా పిలుస్తాం, వస్తారు. సంక్రాంతికి వాళ్ళ అరిసెలు మాకు, క్రిస్మస్‌కి మావి వాళ్ళకి. తాళాలు ఆవిడకిచ్చి, పదకొండింటికి ఒకసారి పైకెళ్ళి పొయ్యి వెలిగిస్తారా అని అడిగితే, "పాయసం అయితే చూస్తాను నాయనా, ఆ కోడి సంగతి మాత్రం నన్నడక్కు" అన్నారు. న్యాయమే. వాళ్ళ కోసం బల్లలు రెండు వేశాను, ఒకదాని మీద పులిహోర, పాయసం, పచ్చళ్ళు, పళ్ళు, ఇంకోదాని మీద కోడి, కీమా, కేకు. కేకులో గుడ్డు ఉంటుంది కాబట్టి అది ఆ బల్ల మీదే. గరిటెలు కలవకుండా ఆ బల్లకి స్టీలువి, ఈ బల్లకి చెక్కవి. గారెల నూనె కొత్తది, అందులో ఇంకేదీ వెయ్యలేదు.

చర్చిలో ఆరోజు ప్రసంగం సాగింది. బయట ఊరి నుంచి వచ్చిన అయ్యగారు, బాగా మాట్లాడతారు, పిల్లలు కూడా నవ్వుతూ విన్నారు, కానీ గడియారం పదిన్నర దాటి పదకొండు వైపు వెళ్తుంటే నా పక్కన అమ్మ కదలడం మొదలుపెట్టింది. కొంగు సర్దుకుంది. సంచి ఒళ్ళోకి తీసుకుంది. నేనేం అనలేదు, చెయ్యి మాత్రం ఆవిడ మోచేతి మీద వేశాను. "పిండి ఫ్రిజ్‌లోనే ఉంది కదా?" అంది గొంతు తగ్గించి. ఉందన్నాను. పైన క్వయర్ ఆఖరి పాట ఎత్తుకుంది, మా ఆవిడ గొంతు అందులో ఎక్కడో ఉంది. అయ్యగారు రెండు చేతులూ ఎత్తి దీవెన చెప్పేదాకా అమ్మ అలాగే కూర్చుంది, ఆమెన్ అన్న మరుక్షణం మాత్రం నాకన్నా ముందు గేటు దగ్గర ఉంది.

ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర దాటింది, అందరికీ ఆకలి దంచేస్తోంది. ఇలాంటప్పుడు కేకు చివర్లో కొయ్యడం అనే అలవాటు పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం. చెప్పులు విప్పుతుండగానే కేకు ముక్కలు, గులాబీ పువ్వులు, ఫ్లాస్కులో టీ ఇచ్చేశాం. ప్రార్థన చేసుకుని అందరూ కేకు మీద పడ్డ ఆ ఇరవై నిమిషాల్లో ఒక పొయ్యి మీద కోడి వేడెక్కింది, ఇంకోదాని మీద నూనె కాగింది. చిన్న సిలిండర్ పొయ్యి ఒకటి పక్కింటి నుంచి తెచ్చి బాల్కనీలో పెట్టాను, దాని మీద రెండో మూకుడు. గారెలు తట్టింది నేను, తీసింది బావ. ఆయన్ని పనిలో పెట్టడం వెనక ఉద్దేశం సాయం కాదు, మూకుడు దగ్గర ఉన్నవాడికి మొదటి గారెలు దొరుకుతాయి కాబట్టి ఇక గొణగడు. మొదటి వాయి పిన్నిగారి బల్లకి వెళ్ళింది.

అమ్మని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి ప్లేటు చేతికిచ్చాను. రెండుసార్లు లేవబోయింది. అక్క కూర్చోబెట్టింది. పులుసులో గారె ముంచుకుని తిని, ఏమీ అనలేదు, ఇంకో గారె అడిగింది. పండగ పూట రాత్రి కూర అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

లెక్క విషయానికొస్తే, ఇరవై మందికి కేజీ మినపగుళ్ళు సరిగ్గా సరిపోయాయి, మనిషికి మూడు చొప్పున వచ్చాయి. కోడి అడుగంటా ఊడ్చేశారు. పులిహోర కొంచెం మిగిలింది, పిన్నిగారు డబ్బాలో పట్టుకెళ్ళారు. బన్నులూ, కీమా మాత్రం సగం అలాగే ఉండిపోయాయి, పిల్లల కోసం అని పెట్టినవి, పిల్లలేమో గారెల దగ్గరే చేరారు. మర్నాడు దోసెల్లో కీమా పెట్టి వేశాం, బన్నులు రాత్రి పాలల్లోకి పోయాయి. మళ్ళీ చేస్తే కీమా తీసేసి ఆ డబ్బుతో ఇంకో అర కేజీ మినపగుళ్ళు, పెరుగు తెచ్చుకుని కొన్ని ఆవడలు వేస్తాను, అవి ముందురోజే చెయ్యొచ్చు కూడా.

మధ్యాహ్నం మూడింటికి వచ్చినవాళ్ళకి అరిసె, కేకు, టీ. పొయ్యి మీద టీగిన్నె తప్ప ఏదీ ఎక్కలేదు. వెళ్ళేటప్పుడు అక్క, జనవరి ఒకటో తారీఖు ఆరాధన తర్వాత వాళ్ళింట్లో ఇలాగే పెడతానని, గారెల పిండి నన్ను రుబ్బి పంపించమని చెప్పింది. "ఉప్పు వెయ్యకుండా పంపించు" అని అమ్మ లోపల్నుంచి అరిచింది.