రోండాలో రెండు రాత్రులైనా ఉండండి

దక్షిణ స్పెయిన్ వెళ్లే మనవాళ్ల ప్లాన్లలో రోండాకి దక్కేది ఒక్క పూట. పొద్దున్నే మాలగాలో బస్సెక్కడం, వంతెన మీద ఫొటోలు దిగడం, చీకటి పడేలోగా వెనక్కి రావడం. దాదాపు 740 మీటర్ల ఎత్తున, కొండ అంచున కూర్చున్న ఆ ఊరికి ఇది చాలా అన్యాయం. పైగా ఒక్కరోజు టూర్ల జనమంతా వచ్చిపడే వేళకి వంతెన పడమటి ముఖం నీడలో ఉంటుంది. ఎండ అటు తిరిగేది మధ్యాహ్నం దాటాకే, రద్దీ పలచబడేది సాయంత్రమే.

నది లోయ మీద కట్టిన ఆ వంతెన పేరు పుయెంతే నుయెవో. మన ప్రకాశం బ్యారేజీ 1223 మీటర్లు సాగితే, ఇది 66 మీటర్లే, కానీ లోతు 98 మీటర్లు. 1735లో కట్టిన మొదటి వంతెన ఆరేళ్లకే కూలి యాభై మంది దాకా చనిపోయారు. అందుకే 1751లో మొదలుపెట్టినప్పుడు లోయ అడుగు నుంచి రాతి కట్టుబడి లేపుకుంటూ వచ్చారు, 1793కి గానీ పూర్తి కాలేదు. పైన నిలబడితే ఈ శ్రమ అర్థం కాదు. పాత ఊళ్లోని మారియా ఆక్సిలియదోరా కూడలి నుంచి కిందికి దారి ఉంది. మెట్లు, తర్వాత మట్టిబాట. దిగడానికి అరగంట వేసుకోండి, ఎక్కడానికి అంతకు రెట్టింపు. చెప్పులతో దిగొద్దు, వాన పడితే ఆ రాళ్లు బాగా జారతాయి.

కాసా దెల్ రే మోరో అనే పాత భవనం దగ్గర కొండను తొలిచి నది దాకా వేసిన మెట్లు రెండు వందలకు పైనే. ముట్టడి రోజుల్లో ఊరికి నీళ్లు ఆ దారినే పైకి వచ్చేవి. 1485లో క్రైస్తవ సైన్యాలు ముస్లిం పాలకుల నుంచి రోండాను పట్టుకున్నాయి. మెట్లు తడిగా, చీకటిగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అరబ్బు స్నానశాలలకు తీసుకెళ్లండి. కప్పులోని నక్షత్రాకారపు రంధ్రాల్లోంచి వెలుగు పడుతుంటే చూడాల్సిందే.

రెండో రోజు చుట్టుపక్కలకి. సెతెనీల్ అనే ఊళ్లో బండరాయే ఇళ్లకు కప్పు, వీధి మీదకి కూడా చూరులా వంగి ఉంటుంది. రోండా నుంచి ఇరవై కిలోమీటర్లలోపే అయినా బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి. గ్రసలేమా అనే కొండ ఊరికి కారు ఉంటే సుఖం. అట్లాంటిక్ తడిగాలులు మొదట ఢీకొట్టేది ఆ కొండలనే, అందుకే ఏడాదికి 2000 మిల్లీమీటర్ల దాకా వాన, గుంటూరుకి రెట్టింపు పైనే. అదీ మనలా జులైలో కాదు, చలికాలంలో. పిన్సాపో అనే ఫర్ జాతి చెట్ల అడవిలో నడవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. వేసవిలో కార్చిచ్చు భయంతో ఆంక్షలు పెడతారు. నన్నడిగితే ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు. సెప్టెంబరు మొదట్లో పెద్ద జాతర, గదులు దొరకవు.

కారు నడపాలంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు, అదీ డ్రైవర్ పేరు మీదే అడుగుతారు. సముద్రం వైపు నుంచి వచ్చే ఘాట్ రోడ్డు అంతా మలుపులే, కడుపులో తిప్పే పిల్లలకి ముందే మాత్ర వేయండి.

వీసాకి వేలిముద్రలివ్వడానికి బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. రోండా రెండు రాత్రుల బుకింగ్ కూడా పెట్టండి, ప్రయాణ పట్టికలో ఒక్క రాత్రికి బస చూపకపోయినా ప్రశ్నలొస్తాయి.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. సాల్మొరేఖో అనే చల్లటి టమాటా సూప్ ఎర్రగా, చిక్కగా నోరూరిస్తుంది, కానీ పైన ఉడికిన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు. ‘సలాడే కదా’ అనుకుంటే అందులో ట్యూనా చేప. ‘సిన్ హమోన్, సిన్ అటూన్’ (పంది మాంసం వద్దు, ట్యూనా వద్దు) అని రెండూ చెప్పాలి. బాదం, వెల్లుల్లి, రొట్టె రుబ్బి చేసే ఆహోబ్లాంకో నిశ్చింతగా తాగొచ్చు. అక్కడి ఎర్ర మిరపపొడికి మామూలుగా మనంత ఘాటు ఉండదు, మన కారప్పొడి ఓ పొట్లం పెట్టుకోండి. ఆవకాయ చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో వేయండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, యూరప్‌లోకి పాల పదార్థాలు తేనివ్వరు.