చుక్కికి మందు వేసిన 28 రోజులు

మా పిల్లి చుక్కి ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది, ఈ నాలుగేళ్ళలో దాన్ని ఎత్తుకున్నది లెక్కేస్తే పది సార్లు కూడా ఉండదు. తనంతట తను వచ్చి కాళ్ళకి రాసుకుంటుంది, పక్కలో పడుకుంటుంది, తల నిమిరితే కళ్ళు మూసుకుని గుర్రుమంటుంది, కానీ రెండు చేతులూ దాని పొట్ట కిందకి వెళ్ళాయంటే చాలు ఒళ్ళు విల్లులా వంచేసి జారిపోతుంది. వీధిలో పుట్టి ఆరేడు నెలలు అక్కడే బతికిన పిల్లి, ఎవరైనా పట్టుకుంటే దానికి ప్రాణం మీదకి వచ్చినట్టే. మేము కూడా పోనీలే అని ఎప్పుడూ బలవంతపెట్టలేదు. జబ్బు చేసేదాకా అదొక సమస్య అని కూడా మాకు అనిపించలేదు.

మొదట తుమ్ములు మొదలయ్యాయి. రెండో రోజుకి ఎడమ కన్ను పుసి కట్టి సగం మూసుకుపోయింది, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర ఒకటి పైకి వచ్చి నిలబడింది. అది మూడో కనురెప్పంట, ఒంట్లో బాగుంటే మనకి కనపడదు. ముక్కు దిబ్బడేసి ఊపిరి తీస్తుంటే గురగురమంటోంది. గిన్నె దగ్గరకి వెళ్ళడం, మూతి పెట్టి చూడడం, వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం. వాసన తెలియకపోతే పిల్లి ముద్ద ముట్టదు అని నాకు అప్పటికి తెలీదు, ఆకలి లేదేమో, సాయంత్రం తింటుందిలే అనుకుంటూ ఒకటిన్నర రోజు పోనిచ్చేసా. తప్పు చేసా. పిల్లులు రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉంటే ఒంట్లో కొవ్వు వెళ్ళి లివర్లో పేరుకుని ప్రాణం మీదకి రావచ్చంట, కాస్త ఒళ్ళున్న పిల్లులకి ఇంకా ఎక్కువ ప్రమాదం. తెలిస్తే మొదటి పూటే తీసుకెళ్ళేవాళ్ళం.

వెట్ (జంతువుల డాక్టర్) దగ్గర తూకం వేస్తే 3.4 కిలోలు వచ్చింది, టీకాకి వెళ్ళినప్పుడు 3.8 ఉండేది. జ్వరం 39.9 సెల్సియస్. పిల్లికి మామూలుగానే 38 నుంచి 39 దాకా ఉంటుంది కాబట్టి మన లెక్కలో చూసి కంగారు పడకూడదు, కానీ ఇది జ్వరమే. దీనికి మనుషుల పారాసిటమాల్ చిన్న ముక్క వెయ్యచ్చా అని మా అక్క అడిగింది. డాక్టర్ గారు రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, ఒక్క టాబ్లెట్ చాలమ్మా పిల్లి చచ్చిపోవడానికి, దాని లివర్ ఆ మందుని తట్టుకోలేదు, ఇంట్లో ఉన్నవి ఏవీ వెయ్యకండి అన్నారు. ఈ ముక్క పిల్లిని పెంచే ప్రతి ఇంట్లోనూ తెలియాలి, అందుకే ఇక్కడ రాస్తున్నా.

కన్ను ఉన్న తీరు చూసి క్లమిడియా అనే బ్యాక్టీరియా అయ్యుండచ్చు అన్నారు, దానితోపాటు పిల్లులకి జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ కూడా ఉండే అవకాశం ఉందన్నారు. కంట్లోకి ఆయింట్‌మెంట్, రోజుకొక డాక్సీసైక్లిన్ టాబ్లెట్, నాలుగు వారాలు. తగ్గినట్టు కనిపించినా మధ్యలో ఆపకూడదు, ఆపితే ఆ క్రిమి మళ్ళీ లేస్తుంది. ఇంకో మాట రెండు సార్లు చెప్పారు. ఈ టాబ్లెట్ పొడిగా మింగిస్తే గొంతు దిగాక అన్నవాహికలో అతుక్కుపోతుంది, అక్కడ పుండు పడి, మానేటప్పుడు ఆ గొట్టం ఇరుకైపోతుంది, తర్వాత ముద్ద కూడా దిగదు, కాబట్టి టాబ్లెట్ వేసిన వెంటనే సిరంజితో ఐదారు ఎమ్.ఎల్. నీళ్ళు పట్టాల్సిందే అని. నేను తలూపా. ఎత్తుకోనివ్వని పిల్లికి టాబ్లెట్టే ఎలా వెయ్యాలో తెలీదు, దాని మీద నీళ్ళు కూడా.

మొదటి రోజు జబ్బులో నీరసంగా ఉంది కాబట్టి ఎలాగో దిగింది. రెండో రోజు మంచం కిందకి, అక్కణ్ణుంచి బీరువా వెనక్కి. చీపురు పెట్టి బయటికి తోలితే పరదా ఎక్కేసింది. ఇలా కాదని టాబ్లెట్ నలిపి తడి ఆహారంలో కలిపా, అదే నేను చేసిన రెండో తప్పు. ఒక్కసారి నాకి, చేదు తగిలి, నోటంతా నురగ, గదంతా చొల్లు. మందు పోతే పోయింది, ఆ తర్వాత నాలుగు రోజులు ఆ తిండే ముట్టలేదు, అసలే తిననిదాన్ని ఉన్న ఒక్క ఇష్టమైన తిండి నుంచి కూడా నేనే తరిమేసా. మూడో రోజు చీజ్ ముక్కలో దాచా. చీజ్ తినేసి టాబ్లెట్ శుభ్రంగా నేల మీద వదిలేసింది. తర్వాత తెలిసింది, తిన్నా ఉపయోగం ఉండేది కాదంట, పాల పదార్థాలతో కలిస్తే డాక్సీసైక్లిన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

నాలుగో రోజు రాత్రి బాత్రూమ్‌లో మూలకి నొక్కి పట్టుకున్నా. నాకు ఆఫీస్ పని, నిద్ర లేదు, విసుగు. చెవులు వెనక్కి అంటించేసింది, కళ్ళు మొత్తం నల్లగా అయిపోయాయి, బుస కొట్టింది, అయినా నేను వదల్లేదు. కుడి చూపుడు వేలి మొదట్లో కోర పన్ను దిగింది. రెండే రెండు చుక్కలు, రక్తం కూడా పెద్దగా రాలేదు. సబ్బు పెట్టి ట్యాప్ కింద పావుగంట కడిగి, పర్లేదులే అనుకుని పడుకున్నా.

తెల్లారేసరికి చెయ్యి పొంగిపోయింది. వేలు మడత పడట్లేదు, మణికట్టు దాకా ఎర్రగా ఒక గీత, ఒళ్ళు వేడి. ఆసుపత్రిలో డాక్టర్ చూసి రాత్రే రావాల్సింది అన్నారు. పిల్లి కోరలు సూదుల్లా సన్నగా ఉంటాయి కదా, అవి దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియాని లోపలికంటా దించేస్తాయి, పైన చిల్లు వెంటనే మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. కీలు దగ్గరో, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు (టెండన్) దగ్గరో అయితే ఆపరేషన్ దాకా పోవచ్చంట. అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఏడు రోజులకి రాశారు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు, చుక్కికి టీకాలు ఉన్నాయని చెప్పినా రేబీస్ వ్యాక్సిన్ కూడా ఆ రోజే మొదలుపెట్టి మిగతా డోసుల తేదీలు రాసిచ్చారు. పిల్లి కరిస్తే, చిన్న గాటే అయినా, అదే రోజు చూపించుకోండి.

ఇంటికి వచ్చి సోఫాలో కూలబడితే చుక్కి గుమ్మం దగ్గర కూర్చుని నన్ను చూసింది. నేను కాలు కదిపా, అంతే, పరుగు. నాలుగేళ్ళుగా నా అడుగుల చప్పుడు వింటే ఎదురొచ్చే పిల్లి. చెయ్యి నొప్పికి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఇంక ఇంజెక్షన్లు ఉంటాయేమో అడుగుదామే, మనవల్ల కాదు" అంది అక్క. వెట్‌కి ఫోన్ చేస్తే, రెండు వారాలు పనిచేసే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఒకటి ఉంది గానీ ఈ క్రిమి మీద అది పనిచెయ్యదు, ఒకసారి వచ్చి మీరు ఎలా పట్టుకుంటున్నారో నాకు చూపించండి అన్నారు. ఇద్దరం వెళ్ళి చూపించాం. ఆవిడ మా మీద కోప్పడలేదు. మీ పిల్లి టాబ్లెట్‌కి కాదమ్మా భయపడుతోంది, తరిమి పట్టుకోవడానికి భయపడుతోంది, దాక్కున్న చోటు నుంచి ఎప్పుడూ లాగకండి, ఎదురుగా మీదకి వెళ్ళకండి, మెడ మీద చర్మం పట్టి ఎత్తకండి అన్నారు. ఆ మాట విన్నాక నాలుగు రోజులూ నేను చేసినవన్నీ కళ్ళముందు తిరిగాయి.

ఆ రోజు మందు వెయ్యలేదు. టవల్ తెచ్చి టేబుల్ మీద పరిచి, దాని మీద నాలుగు ట్రీట్లు పెట్టి మా పని మేం చూసుకున్నాం. గంటకి వచ్చి తినేసి పోయింది. మర్నాడు పొద్దున కూడా అంతే. రాత్రి తొమ్మిదికి, తినే టైముకి కాస్త ముందు, అది టవల్ మీద ఉండగా అక్క వెనక నుంచి వెళ్ళి దాని వెనక భాగం తన పొట్టకి ఆనించుకుని, టవల్ ఒక అంచు మెడ కింద నుంచి తెచ్చి ఒళ్ళు చుట్టింది, రెండో అంచు దాని మీదగా. గడ్డం కింద ఒక వేలు పట్టేంత సందు. ముందు కాళ్ళు లోపల ఉండాలి, అదే ముఖ్యం, ఒక్క కాలు బయటకొచ్చినా అయిపోయినట్టే.

నా కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి టాబ్లెట్ పని కూడా అక్కదే, నీళ్ళు నేను ఎడం చేత్తో. ఎడమ అరచెయ్యి తల పైన బోర్లించి, బొటనవేలూ మధ్యవేలూ రెండు వైపులా చెంప ఎముకల మీద ఆనించి, ముక్కు ఇంటి పైకప్పు వైపు తిరిగేలా తల మెల్లగా ఎత్తితే కింది దవడ దానంతట అదే కాస్త వదులవుతుంది. అప్పుడు రెండో చేతి వేలితో ముందు చిన్న పళ్ళు కిందకి నొక్కి, టాబ్లెట్‌ని నాలుక మీద గూనిలా లేచి ఉంటుందే, దాని వెనక్కి పడెయ్యాలి. ముందు పడితే ఉమ్మేస్తుంది. వేలు లోపలికి పెట్టడం భయం కాబట్టి డాక్టర్ గారు పిల్ గన్ ఇచ్చారు, పొడుగ్గా సిరంజిలా ఉండి చివర రబ్బరు ఉంటుంది. నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు నిమరడం. నాలుక బయటపెట్టి ముక్కు నాక్కుందంటే మింగినట్టు. నీళ్ళు మాత్రం తల ఎత్తి పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోర పన్ను వెనక పళ్ళు లేని సందు ఉంటుంది, సిరంజి మూతి అక్కడ పెట్టి కొంచెం వదలడం, మింగనివ్వడం, మళ్ళీ కొంచెం.

"దిగిందా?"

"ముక్కు నాకింది చూడు! దిగింది."

వెంటనే టవల్ వదిలేసి ఇష్టమైన పేస్ట్ ట్రీట్ అక్కడే టేబుల్ మీదే. మొదటి రోజు తినకుండా దూకి వెళ్ళిపోయింది. మూడో రోజు దూకి, వెనక్కి వచ్చి తింది. నిమిషం లోపు అవ్వకపోతే వదిలెయ్యాలి, అరగంట ఆగి మళ్ళీ చూడాలి అని నియమం పెట్టుకున్నాం, రెండు మూడు రాత్రులు అలా వదిలేశాం కూడా, ఒక రోజైతే పదకొండింటికి దిగింది.

తిండి కోసం తడి ఆహారం గోరువెచ్చగా చేసి పెట్టేవాళ్ళం, వేడికి వాసన లేస్తుంది. ముక్కు దిబ్బడకి బాత్రూమ్‌లో వేడి నీళ్ళు వదిలి ఆ ఆవిరిలో పది నిమిషాలు నేనూ అక్కడే నేల మీద కూర్చునేదాన్ని, అదే బాత్రూమ్ కాబట్టి మొదట తలుపు వెయ్యకుండా. కన్ను గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో లోపలి మూల నుంచి బయటికి తుడవడం. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఎవరూ పిలవకుండా గిన్నె దగ్గరకి వెళ్ళి మొత్తం నాకేసింది, గిన్నె నేల మీద జరిగిన చప్పుడు వినపడి ఇద్దరం పక్క గదుల్లోంచి పరిగెత్తుకొచ్చాం.

పన్నెండో రోజుకి కన్ను తేటగా అయిపోయింది. ఇంకా పదహారు రోజులు దాన్ని ఎందుకు హింస పెట్టడం, ఆపేద్దామా అని నాకు అనిపించిన మాట నిజం, అక్క ఒప్పుకోలేదు. తప్పిపోయిన పూటలు కూడా లెక్కేసి చివర కలుపుకుని పూర్తి చేశాం.

చివరి చెకప్‌కి వెళ్ళేముందు భయం తగ్గడానికి గాబాపెంటిన్ ఇచ్చారు, బయల్దేరడానికి రెండు గంటల ముందు వేశాం, మత్తుగా క్యారియర్‌లో పడుకుంది. తూకం 3.7. హెర్పిస్ ఉంటే అది ఒంట్లోనే ఉండిపోతుంది, ఒత్తిడి ఎక్కువైతే మళ్ళీ తుమ్ములు రావచ్చు, ఇంట్లో దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నారు.

నా వేలు పూర్తిగా మడత పడడానికి మూడు వారాలు పట్టింది, పొద్దున్నే ఇప్పటికీ కాస్త బిగుసుకుంటుంది. టవల్ టేబుల్ మీద నుంచి తియ్యలేదు, మధ్యాహ్నాలు అది దాని మీదే పడుకుంటోంది. నిన్న వెనక నుంచి వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి వీపు మీద ఆనించా. చెవి ఒకటి నా వైపు తిప్పింది, లేవలేదు. క్యారియర్ కూడా తలుపు తీసి హాల్లోనే ఉంచాం, వచ్చే నెల టీకాకి వెళ్ళాలి.