జిప్సం కంటే ముందు మురుగు బోదె

నేల సంరక్షణను వృత్తిగా ఎంచుకుని గోదావరి డెల్టాకు వచ్చే కుర్రాళ్లు చౌడు చేను చూడగానే జిప్సం లెక్క మొదలుపెడతారు. ముందు చూడాల్సింది ఆ చేను మురుగు ఎటు పోతోందని.

దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక గట్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే అది పాల చౌడు. మట్టి తడిస్తే సబ్బులా జారి, ఎండితే రాయిలా బిగిసి, పైన నల్లటి జిడ్డు మరకలు తేలితే కారు చౌడు. కంటిని నమ్మి ఊరుకోకూడదు. 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతు మట్టిని విడివిడిగా పరీక్షకు పంపాలి. మూడూ కలిపేస్తే ఉప్పు పైనుంచి వచ్చిందో కిందినుంచి ఎగదన్నిందో తేలదు. మట్టిని నీటితో పూర్తిగా తడిపి తీసిన సంతృప్త ద్రావణంలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటి, పీహెచ్ 8.5 లోపుంటే పాల చౌడు. పీహెచ్ 8.5 దాటి, మార్పిడి సోడియం, అంటే మట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియం వాటా, 15 శాతం మించితే కారు చౌడు. జిప్సం పనికొచ్చేది ఈ రెండో దానికే. అందులోని కాల్షియం మట్టి రేణువులను పట్టుకున్న సోడియంను నెట్టి ఆ చోట కూర్చుంటుంది. విడిపడ్డ సోడియం నీళ్లతో పాటు చేను దాటిపోవాలి. దారి లేకపోతే డబ్బు పోసి ఇంకో ఉప్పు చల్లినట్టే.

తీరం వెంబడి పాల చౌడుకు మందు మంచినీళ్లే. కాలువ వదలగానే మడి చదును చేసి, అడుగున్నర గట్టు వేసి, 4 అంగుళాల నీరు పెట్టి కలియదున్ని, నాలుగు రోజులు నిలగట్టి తీసేయాలి. ఇలా మూడుసార్లు. చదును తప్పితే ఉప్పంతా మిట్ట మీదే మిగిలి, నాట్లు అక్కడే చస్తాయి. లేత నారు ఉప్పుకు ఆగదు. 30 రోజులు దాటిన నారు కుదురుకు 4–5 మొక్కలు పెట్టాలి. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి, సూపర్ ఫాస్ఫేట్‌తో మాత్రం కలపకూడదు.

వేసవిలో పైమట్టి ఆరేకొద్దీ కింది నీరు ఉప్పును పైకి మోసుకొస్తుంది. దాళ్వా కోయగానే తేమ ఉండగా దున్నేస్తే ఆ దారి తెగుతుంది. పచ్చిరొట్టకు జీలుగ కూడా చల్లగలిగితే ఇంకా మేలు.

ఇంత చేసీ చెడేది మురుగు దగ్గరే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల గోడులో మురుగు కూడా ఉంది. అక్కడి శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట కొబ్బరి తోటలు మోడువారింది ఉప్పునీరు ఎగదన్నే. సముద్రం దగ్గరి తూములకు పైన కీలుతో వేలాడే తలుపు ఉంటుంది. పోటు నీరే దాన్ని మూస్తుంది, పాటుకు లోపలి నీరు తోసుకుని తెరుచుకుంటుంది. గుర్రపుడెక్క ముద్ద ఒక్కటి అంచున ఇరుక్కుంటే చాలు, పోటు లోపలికి వస్తూనే ఉంటుంది.

అందుకే తూమును అమావాస్యకో పౌర్ణమికో, నిండు పోటు వేళ చూడాలి. ఈసీ మీటరు లోపలి వైపు నీళ్లలో ముంచి అంకె రాసుకోవాలి, గంట తర్వాత మళ్లీ ముంచాలి. అంకె పెరుగుతుంటే తలుపు కారుతున్నట్టే. అది బాగయ్యాకే చేలో దిగాలి.