కారణం చెప్పకుండా

పొద్దుట్నుంచీ ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "హమ్మయ్య, బతికిపోయావు." జ్యూరీ నుంచి, అంటే ఇక్కడ అమెరికా కోర్టుల్లో తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచే మనుషుల్లోంచి, నన్ను తీసేశారని మా ఆయన గ్రూపులో పెట్టాడు మరి. లక్ష్మక్క ఇంకో మెట్టు పైకెక్కి, "ఇంగ్లీషు రాదని చెప్పావా? నేనూ అదే చెప్పి బయటపడ్డా" అంది. ఆఫీసులో అంతమంది మీద పెత్తనం చేసే మనిషి! సిటిజన్‌షిప్ పరీక్షకి ఇద్దరం కలిసే చదివాం. అప్పటి పరీక్షలో పౌరులకి మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పమంటే, జ్యూరీలో కూర్చోవడం అనైనా చెప్పాలి, ఫెడరల్ ఎన్నికల్లో ఓటెయ్యడం అనైనా చెప్పాల్సొచ్చేది. ఆవిడ మొదటిదే చెప్పి పాసయింది.

రోజు కూలి మీద బతికేవాళ్ళు తప్పించుకుంటే నేనేమీ అనను. కాలిఫోర్నియాలో మామూలుగా మొదటి రోజుకి పైసా రాదు, రెండో రోజు నుంచి 15 డాలర్లు. కానీ జీతం ఆగనివాళ్ళం మనం కూడా వెళ్ళకపోతే ఎవరు వెళ్తారు?

నాకు ఉండాలనే ఉంది. కేసు సంగతి రాయను. ముద్దాయి చిన్నవాడు, మా పెద్దదానికంటే నాలుగేళ్ళు పెద్దేమో. పోలీసు చెప్పాడు కాబట్టి నిజమే అనుకుంటారా, ముద్దాయి నోరు విప్పకపోతే తప్పుచేసినట్టేనా అని జ్యూరీ ఎంపికలో అడిగారు. రెండింటికీ కాదన్నాను, మనసులో ఉన్నదే అది. కాసేపటికి డిఫెన్స్ లాయరు, అంటే ముద్దాయి తరఫు లాయరు, లేచి, నాకు థాంక్స్ చెప్పి, వెళ్ళొచ్చు అన్నాడు. అంతే. ఇలాంటి పెద్ద కేసుల్లో ఒక్కో పక్షం పదిమందిని ఇలా తియ్యొచ్చు. పెరెంప్టరీ ఛాలెంజ్ అంటారు. కారణం చెప్పక్కర్లేదు.

అదే గుచ్చుకుంటోంది. జాతిని చూసి తియ్యకూడదని ఇక్కడి సుప్రీంకోర్టు 1986లో బాట్సన్ కేసులో ప్రాసిక్యూటర్లకి చెప్పింది, 1992లో డిఫెన్సుకీ చెప్పింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి క్రిమినల్ కేసుల్లో ఇంకా బిగించారు. అభ్యంతరం వస్తే లాయరు కారణం చెప్పి తీరాలి, మాతృభాష ఇంగ్లీషు కాదనో కట్టూబొట్టూ చూసో తీశానంటే అంత తేలిగ్గా చెల్లదు. నా విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పక్క రాష్ట్రం అరిజోనా వాళ్ళు 2022లో ఈ పెరెంప్టరీ పద్ధతే ఎత్తేశారు. ఇందాక అన్నం తినేదాకా వాళ్ళదే రైటనుకున్నాను.

గిన్నెలు కడుగుతుంటే నాన్న గుర్తొచ్చాడు. మా గట్టు దావా. వేసవి సెలవుల్లో నన్ను సైకిల్ మీద తాలూకా కోర్టుకి తీసుకెళ్ళేవాడు. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, చంకలో కాగితాల సంచి. వేపచెట్టు కింద టైపు మిషన్ల చప్పుడు, స్టాంపు కాగితాలు, ప్లీడరుగారి గుమాస్తా. బంట్రోతు పేరు మూడుసార్లు కేకేస్తే నాన్న పరుగున లోపలికి వెళ్ళేవాడు. నా చేతిలో సోడా అయ్యేలోపే బయటికొచ్చేవాడు. వాయిదా. ఒకసారి మునసబుగారు ఇంగ్లీషులో ఏదో అన్నారట, దారంతా "ఏమనుంటారే?" అని నన్నే అడిగాడు, గుమ్మం బయట ఉన్న నన్ను. ఆ తర్వాత ఆ మునసబుగారు అవతలివాళ్ళింట్లో పెళ్ళికొచ్చారని తెలిసింది. "ఆయన మొహం చూస్తే నాకు ధైర్యం చాలట్లేదండీ, వేరే ఆయన దగ్గరికి మార్పించండి" అన్నాడు నాన్న. ప్లీడరుగారు నవ్వారు. "ధైర్యం చాలకపోతే జడ్జీని మారుస్తారటయ్యా?"

మన దేశంలో జ్యూరీలు ఉన్న కాలంలోనూ గట్టు తగాదాలకి ఉండేవి కావు. 1959లో నేవీ అధికారి నానావతి హత్య కేసులో జ్యూరీ ఎనిమిది–ఒకటితో నిర్దోషి అంది, ఆ తీర్పుని హైకోర్టు కొట్టేసింది, 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అది వేరే కథ. నేను అనుకుంటున్నది ప్లీడరుగారి నవ్వు గురించి.

ఆ కుర్రాడు నా వైపు చూసి లాయరు చెవిలో ఏదో చెప్పాడు. నాకేసి చూస్తే వాడికి ధైర్యం చాలలేదేమో. తీర్పుకి పన్నెండు మందీ ఒక్కమాట మీదకి రావాలి, ఆ పన్నెండు మందిలో తనకి భయం వేసిన మొహాన్ని తీయించుకునే హక్కు వాడికుంది. నాన్నకి లేదు. నా మనసు నొచ్చుకుందని వాడి హక్కు తీసెయ్యమంటానా?

అలాగని ఉంచమనాలన్నా చెయ్యి ఆడట్లేదు. బాట్సన్ కేసులో ప్రాసిక్యూటరు నలుగురు నల్లవాళ్ళనీ తీసేసింది ఈ హక్కుతోనే. జస్టిస్ థర్గుడ్ మార్షల్ అప్పుడే దీన్ని పూర్తిగా ఎత్తెయ్యమన్నారు. ముద్దాయికి ఉంచి ప్రభుత్వానికి తీసేస్తే? మా ఆయన్ని అడిగితే "పడుకో" అన్నాడు.

పెద్దదానికి పద్దెనిమిది నిండాయి, ఎప్పుడో ఒకప్పుడు దానికీ సమన్లు వస్తాయి. క్లాసులున్నాయని ఇప్పుడే మొదలుపెట్టింది. సెలవుల్లోకి మార్పించుకోవచ్చు, వెళ్ళడం మాత్రం మానకూడదని గట్టిగా చెప్పాను.