వెనక బ్రేకుతో ఒక ఆదివారం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

గోళ్ల సందుల్లో ఇంకా నల్లగానే ఉంది. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాను. అల్యూమినియం పొడీ బ్రేక్ ప్యాడ్ల మసీ కలిస్తే అంత తేలిగ్గా వదలవు. కుడి కాలికి నిన్న తగిలిన దెబ్బ ఊదారంగుకు తిరిగింది. మెట్లు దిగేటప్పుడు తప్ప నొప్పి లేదు.

ముందు నిన్నటి సంగతి. నేను తొక్కేది ట్రయల్స్, అంటే కాలు కింద పెట్టకుండా సైకిల్ మీద అడ్డంకులు గెంతే ఆట. చెక్క ప్యాలెట్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచున వెనక చక్రం మీద నిలబడి ఉన్నాను. ముందు చక్రం గాల్లో ఉంది. వెనక బ్రేక్ పూర్తిగా నొక్కి పట్టుకుని, తరవాతి గెంతు కోసం ఊపిరి తీసుకుంటున్నాను. ఆ క్షణంలో చక్రం నేలలో పాతిన రాయిలా ఉండాలి. ఉన్నట్టుండి అర అంగుళం జారింది. మామూలు సైకిల్ అయితే ఆ అర అంగుళం ఎవరికీ తెలియదు కూడా. నేను మాత్రం వెల్లకిలా పోయాను, పెడల్ తిరిగొచ్చి కాలి ఎముక మీద కొట్టింది. షిన్ గార్డులు బ్యాగులో భద్రంగా ఉన్నాయి.

లేవగానే బ్రేకును తిట్టాను. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో వెతికి డిస్క్ బ్రేక్ సెట్టు, దాని రోటర్ (చక్రం మధ్యలో తిరిగే పళ్లెం), రెండు రకాల ప్యాడ్లు కార్ట్‌లో పెట్టేశాను. దెబ్బ తిన్న రాత్రి విడిభాగాలు ఎంచుకోకూడదని నాకు తెలుసు, అయినా ప్రతిసారీ చేసేది అదే. డబ్బు కట్టకుండా నిద్రపోవడం ఒక్కటే కలిసొచ్చింది.

పొద్దున్నే తమ్ముడు వచ్చి సైకిల్ పక్కన కూర్చున్నాడు. వాడు ట్రయల్స్ తొక్కడు, కానీ స్పానర్ పట్టుకోవడం ఇష్టం.

"డిస్క్ వేసేయ్ అన్నయ్యా. మోటార్ సైకిళ్లకు కూడా అదే కదా?"

నిజానికి ఈ ఆట పుట్టిందే మోటార్ సైకిళ్ల నుంచి. స్పెయిన్‌లో మోటార్ సైకిల్ ట్రయల్స్ తొక్కే పేరే పీ తన కొడుకు ఓట్ పీ కోసం సైకిల్ మీద అదే ఆటను మొదలుపెట్టాడు. ఆ పిల్లాడే తరవాత ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇదంతా చెబితే తమ్ముడు, "అయితే డిస్కే కదా మరి?" అన్నాడు.

మోటార్ సైకిల్‌కు బ్రేక్ పని వేగాన్ని తగ్గించడం. నాకు వేగమే లేదు. నాకు కావలసింది చక్రం కదలకుండా పట్టి ఉంచడం, అదీ నేను దాని మీద గెంతుతుంటే. ఇరుసు నుంచి ఎంత దూరంలో పట్టుకుంటే అంత తక్కువ బలంతో చక్రం ఆగుతుంది. నాది 20 అంగుళాల ట్రయల్స్ సైకిల్. వెనక రిమ్‌కు టైరు కూర్చునే చోట వ్యాసం 387 మి.మీ. నా వెనక బ్రేక్ నేరుగా రిమ్‌నే నొక్కుతుంది, అంటే ప్యాడ్ పట్టుకునేది ఇరుసుకు దాదాపు 185 మి.మీ. దూరంలో. 160 మి.మీ. రోటర్ అయితే ఆ దూరం 70 మి.మీ. పైచిలుకు. అదే పట్టు కావాలంటే డిస్క్ దగ్గర రెండున్నర రెట్లు ఎక్కువ రాపిడి కావాలి. 26 అంగుళాల సైకిళ్లలో తేడా ఇంకా పెద్దది. పైగా డిస్క్ పట్టేది చక్రం మధ్యలోని హబ్‌ను. హబ్ ఆగాక, రిమ్ ఆగే లోపల స్పోకులు కొద్దిగా మెలి తిరుగుతాయి. వెనక చక్రం మీద నిలబడ్డవాడికి ఆ మెత్తదనం తెలుస్తుంది.

అలాగని డిస్క్ చెడ్డదని కాదు. పోటీల్లో తొక్కేవాళ్లలో చాలామంది వెనక కూడా అదే వాడుతున్నారు. రిమ్ సొట్టపోయినా దానికి పట్టదు, పట్టు మెల్లగా పెంచుకోవచ్చు, గోల చేయదు. నా ముందు చక్రానికి ఉన్నది అదే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. వెనక మాత్రం మాగురా హెచ్‌ఎస్33. నూనె ఒత్తిడితో పనిచేసే రిమ్ బ్రేక్. ట్రయల్స్‌లో ఎన్నో ఏళ్లుగా దీని మీదే బతికినవాళ్లున్నారు.

అసలు సంగతి సైకిల్ తలకిందులు చేశాక గుర్తొచ్చింది. నా ఫ్రేముకు వెనక డిస్క్ క్యాలిపర్, అంటే రోటర్‌ను ప్యాడ్లతో నొక్కే భాగం, బిగించే చెవులే లేవు. రిమ్ బ్రేక్ ప్యాడ్లను నెట్టే సిలిండర్ల కోసం నాలుగు బోల్టుల రంధ్రాలు ఉన్నాయి, అంతే. వెనక హబ్‌కు రోటర్ బిగించే చోటు కూడా లేదు. అంటే ఆ బ్రేక్ కొంటే హబ్ కొనాలి, చక్రం మళ్లీ అల్లించాలి, ఫ్రేము మార్చాలి. కార్ట్ ఖాళీ చేశాను.

తరవాత రిమ్ మీద వేలితో రాశాను. వేలు జారింది. గ్రైండ్ చేసిన రిమ్ మీద, అంటే పట్టు కోసం గ్రైండర్‌తో గీతలు పెట్టిన రిమ్ మీద, వేలు జారకూడదు, గరగరమని తగలాలి. ఎనిమిది నెలల క్రితం పెట్టిన గీతలు అరిగి అరిగి అద్దమైపోయాయి. దానికి తోడు ఒక చోట జిడ్డు. మొన్న చైన్‌కు స్ప్రే కొట్టింది నేనే. గుడ్డ అడ్డం పెట్టకుండా కొట్టిందీ నేనే. ఎడమ ప్యాడ్ తీసి చూస్తే పై అంచు మాత్రమే అరిగి ఉంది, కింది సగం కొత్తదానిలా ఉంది. ఇక లివర్ నొక్కితే దాదాపు హ్యాండిల్ దాకా వస్తోంది. అంటే లోపల నూనెలో గాలి చేరింది.

"ఇన్ని పెట్టుకుని బ్రేకును తిట్టావా?" అన్నాడు తమ్ముడు. నేను కళ్లద్దాలు వెతుక్కునే నెపంతో లోపలికి వెళ్లాను.

గ్రైండింగ్ నుంచి మొదలుపెట్టాం. ప్యాడ్లు తీసేసి, టైరు అంచుకు టేప్ చుట్టి, తమ్ముడు చక్రం మెల్లగా తిప్పుతుంటే నేను యాంగిల్ గ్రైండర్‌ను వంచి పట్టుకుని రిమ్‌ను అలా తాకించి తీశాను. తాకించడమే, నొక్కడం లేదు. గీతలు దగ్గర దగ్గరగా, లోతు లేకుండా పడాలి. మొదటిసారి చేసినప్పుడు లోతుగా పెడితే గట్టిగా పడుతుందనుకున్నాను. ప్యాడ్లను తురిమేసింది, పైగా రిమ్ గోడ పలచబడింది. ఈసారి ఒక్కో వైపు పది నిమిషాలు పట్టింది. పైకి లేచిన మొనలను ఆకురాయితో దులిపి, పొడి తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగాం. గ్రైండ్ చేయడం ఇష్టం లేనివాళ్లు నున్నటి రిమ్‌కు తారు రుద్దుతారు. పొడి వాతావరణంలో అదీ బాగానే పడుతుంది. తడిస్తే నమ్మలేం.

ప్యాడ్ల విషయంలో నా పెట్టె నిండా పాత తప్పులే. మెత్తవి బాగా పడతాయి కానీ గరుకు రిమ్ మీద రెండు వారాల్లో కరిగిపోతాయి. గట్టివి నున్నటి రిమ్ మీద ఎందుకూ పనికిరావు. కొత్తగా గ్రైండ్ చేశాను కాబట్టి మధ్యస్థంగా గట్టిగా ఉన్న పాలీయురేథేన్ జత తీశాను. వెనక పలక అల్యూమినియంది. ప్లాస్టిక్ పలక గట్టిగా నొక్కినప్పుడు కొద్దిగా వంగుతుంది, ఆ వంగడం లివర్‌లో రబ్బరు నొక్కినట్టు తెలుస్తుంది. ఇది చాదస్తం అనేవాళ్లున్నారు. ఒకసారి మార్చి చూస్తే తేడా వేలికే తెలుస్తుంది.

ఇక బ్లీడింగ్, అంటే నూనెలోంచి గాలి తీసేయడం. ఇది నాకు ఎప్పుడూ టెన్షనే. లివర్ మీది ఎర్రటి చిన్న చక్రం, అంటే ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని రిమ్ దగ్గరికి జరిపేది, దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పాలి. అది మరిచిపోతే తరవాత ప్యాడ్లను జరపడానికి చోటు మిగలదు. లివర్‌ను తిప్పి దాని రంధ్రం అన్నిటికంటే ఎత్తున ఉండేలా పెట్టాను. కింద సిలిండర్‌కు నూనె నింపిన సిరంజి, పైన ఖాళీ సిరంజి. కింద నుంచి మెల్లగా నెడుతుంటే తమ్ముడు హోస్ పొడుగునా వేలితో తడుతూ వచ్చాడు. ముందు ఒక పెద్ద బుడగ, తరవాత ఆవగింజలంత చిన్నవి ఓ పది. అవి ఆగేదాకా ఓపిక పట్టాలి, నాకు లేనిదే అది. పై స్క్రూ బిగించేటప్పుడు వాడి చేతిలోంచి ఆలెన్ కీ లాక్కున్నాను. గట్టిగా తిప్పితే మర అరిగిపోతుంది. పోయినసారి అలా అరగదీసి మొత్తం లివరే మార్చాను.

నూనె బదులు నీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. నీళ్లు పలచన కాబట్టి లివర్ చకచకా కదులుతుంది. తుప్పు, చలికి గడ్డకట్టడం అనే రెండు తలనొప్పులు వద్దని నేను మినరల్ ఆయిల్‌తోనే సరిపెట్టుకుంటాను. ముందు బ్రేక్‌ది డాట్ ఫ్లూయిడ్, అది వేరే రకం బ్రేక్ ద్రవం. ఇదీ అదీ కలిస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. అందుకే సిరంజిలు వేరు, ఒకదానికి ఎర్ర టేప్ చుట్టి ఉంచాను. డాట్ పెయింట్‌ను కూడా తినేస్తుంది. ఫ్రేము మీద హ్యాండిల్ కింది హెడ్ ట్యూబ్ దగ్గర ఉన్న మచ్చ దాని జ్ఞాపకమే.

ప్యాడ్లు సరిచేయడానికి మాత్రం తేలికైన దారి ఉంది. సిలిండర్ బిగింపులు కాస్త వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుంటే ప్యాడ్లు వాటంతట అవే రిమ్‌కు సమంగా ఆనుకుంటాయి. అలా నొక్కి ఉంచి బోల్టులు ఇటొకటి అటొకటి కొంచెం కొంచెంగా బిగించాలి. తమ్ముడు నొక్కాడు, నేను బిగించాను. అప్పుడే ఫ్రేము వెనక గొట్టాలు రెండూ బయటికి విచ్చుకోవడం కంటికి కనిపించింది. ఆ గొట్టాలు విచ్చుకోకుండా పట్టి ఉంచే, గుర్రపు లాడం ఆకారంలో ఉండే బూస్టర్ బోల్టు ఒకటి వదులైపోయి ఉంది! నిన్న నేను నొక్కిన బలంలో కొంత గొట్టాలను విడదీయడానికే పోయిందన్నమాట. దీన్ని చివర్లో చూశాను కానీ, ముందే చూడాల్సింది.

చేతులు ఎలాగూ నల్లబడ్డాయి కాబట్టి చైన్ కూడా చూశాను. పన్నెండు అంగుళాలకు సరిగ్గా ఇరవై నాలుగు పిన్నుల దూరం రావాలి. స్కేలు పెడితే ఒకటిన్నర మి.మీ. ఎక్కువ వచ్చింది. రోడ్డు సైకిల్ అయితే ఇంకొన్నాళ్లు లాగొచ్చేమో. ఇక్కడ గెంతు కోసం పెడల్‌ను ఒక్కసారిగా తొక్కే క్షణంలో చైన్ తెగితే ఛాతీ నేరుగా హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ మీదికి పోతుంది. ఒక్కో లింకునూ వెలుగులో పెట్టి పగుళ్లు వెతికాను. లేవు. అయినా చైన్ మాత్రం ఈ వారమే మారుస్తాను. క్రాంక్ మీది ఫ్రీవీల్, అంటే ముందుకు తొక్కితే పట్టి వెనక్కి తిప్పితే ఊరికే తిరిగేది, 72 క్లిక్కులది. అంటే అయిదు డిగ్రీలకోసారి పడుతుంది. 108ది కావాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఈ రోజు తరవాత ఆ కోరిక కాస్త చల్లబడింది.

సాయంత్రం ఆరు దాటాక కింద సందులోకి తెచ్చాను. ఈసారి షిన్ గార్డులు కట్టుకునే. ముందు ప్యాలెట్లు లేకుండా, నేల మీదే. వెనక చక్రం మీదికి లేచి, ఒక వేలితో బ్రేక్ పట్టి, ఒక గెంతు. చక్రం అంగుళంలో పదో వంతు కూడా కదల్లేదు. కానీ కొత్త గ్రైండ్ కదా, పట్టిన ప్రతిసారీ ఏనుగు ఘీంకరించినట్టు అరుపు. నాలుగో గెంతుకు పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. పెద్దాయన తల బయటికి పెట్టారు.

"ఏంటి బాబూ ఆ గోల?"

"బ్రేకండీ."

"పోయిందా?"

"లేదండీ. ఇవాళే వచ్చింది."

ఆయన ఒక్క క్షణం చూసి కిటికీ వేసేశారు. నేను రెండు ప్యాలెట్లు తెచ్చుకున్నాను.