కర్నూలు నడిబొడ్డున దిగాం

పిల్లలతో అమెరికా నుంచి సొంతూరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేదొకటే. కొన్ని రోజులైనా ఊరి మధ్యలో హోటల్లో దిగండి. అయినవాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. రాజ్‌విహార్ దగ్గర కొత్తగా కట్టిన చిన్న హోటల్లో గది తీసుకున్నామని తెలిసి మా చిన్నమ్మ "మాకు ఇల్లు లేదనుకుంటిరా?" అనింది. రాత్రి భోజనాలన్నీ అక్కడే అని మాటిస్తే గానీ చల్లబడలేదు.

చుట్టాలింట్లో పిల్లల్ని నేల మీద నడవనివ్వరు. గేటు దాటితే వెంట ఒకరుంటారు, ఊరంతా కారు అద్దంలోంచే చూడాలి. పైగా అక్కడి పిల్లలు మావాళ్లతో ఇంగ్లీషే మాట్లాడతారు. ఇక తెలుగు ఎక్కడ వస్తుంది?

హోటల్ నిజంగా బాగుంది. ఇత్తడి దీపాలు, గోడల నిండా పాత ఊరి ఫోటోలు. అన్నిటికంటే నాకు నేల నచ్చింది. పాలరాయి జోలికి పోకుండా బేతంచర్ల బండలు నున్నగా పాలిష్ పట్టించి పరిచారు. మావాడు చెప్పులు విడిచి వట్టికాళ్లతో నిలబడి, "ఇవి అవ్వ ఇంట్లో బండలే కదా!" అన్నాడు. ఆ రాత్రి చిన్నమ్మ వాళ్ల వంటింట్లో కింద కూర్చుని, రెండు బండల మధ్య గీతను వేలితో రాస్తూ, ఇవి ఎక్కడ దొరుకుతాయి, ఎట్లా కోస్తారు అని ఆమెను వదల్లేదు.

పొద్దున్నే హోటల్ టిఫిన్ మానేసి వీధిలోకి నడిచేవాళ్లం. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మా పాప, బండి దగ్గర "అన్నా, ఉగ్గాని రెండు ప్లేట్లు, ఒకదాంట్లో బజ్జి వద్దు" అని తనే చెప్పింది. ఆకలికి మించిన పంతులు లేడు.

అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు దాకా నడకే. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అనీ, కొన్ని ఆఫీసులు గుడారాల్లో నడిచాయనీ చెప్పాను. మేముండే హ్యూస్టన్ కూడా 1837 నుంచి 1839 దాకా టెక్సాస్ రిపబ్లిక్ రాజధాని. పాప అది బడిలో చదువుకుంది. "అయితే మన రెండు ఊర్లూ ఒకప్పటి రాజధానులే" అని తేల్చేసింది. ఆ 'మన' అనే మాట కోసమే నేను ఇంత దూరం వచ్చింది.

బురుజు దగ్గర టీకొట్టాయన 2009 అక్టోబరు వరద గురించి చెప్పాడు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెయ్యెత్తి చూపించాడు. 2017లో హార్వే తుఫాన్‌కు మా వీధి కూడా మునిగింది. "మాకూ వచ్చినాయి నీళ్లు" అంది పాప. "అక్కడ కూడా డ్యామ్ నీళ్లేనా?" అని ఆయన ఆత్రంగా అడిగాడు. వాన తెరిపి ఇవ్వలేదనీ, ఆ తర్వాత రిజర్వాయర్ల నుంచి కూడా వదిలారనీ తడుముకుంటూ చెప్పింది. మధ్యలో ఇంగ్లీషు చాలానే దొర్లింది. ఆయనకు అంతా అర్థమైంది.