మిద్దె తోట, ఎండకాలం: ఉగాది నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా

ఉగాది దాటాక

నల్లగొండలో మిద్దె మీద మొక్కలు పెంచేవాళ్లకు ఎండ పైనుంచి ఒక్కటే రాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. నేల మీది చెట్టయితే వేరును లోతుకు పంపి చల్లదనం వెతుక్కుంటుంది. కుండీలో వేరుకు ఆ దారి లేదు. అందుకే ఈ ఎండకాలం ప్రతి పనికీ ముందు ఒక్కటే చూసుకుంటున్నా: దీనివల్ల వేరు చల్లబడుతుందా, లేదా?

కుండీలన్నిటినీ ఇటుకల మీదికి ఎక్కించాం. అడుగున గాలి ఆడాలి, కింది రంధ్రాలు మూసుకుపోకూడదు. విడివిడిగా ఉన్నవాటిని దగ్గరికి జరిపితే ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కాగేది పడమటి వరుస. అక్కడ కరివేపాకు, మందారం ఉన్న పెద్ద డ్రమ్ములు పెట్టి, వాటి వెనక మిర్చి, వంకాయ, ఆకుకూరలు సర్దాం. నల్ల గ్రో బ్యాగుల చుట్టూ పాత బార్దాన్ సంచులు కట్టాను. మధ్యాహ్నం ఉత్త నల్ల బ్యాగు మీద చెయ్యి ఆనదు. సంచి చుట్టిన దాన్ని మాత్రం పట్టుకోగలుగుతున్నా.

ఏప్రిల్ రెండో వారం

గ్రీన్ నెట్ కట్టాం. దుకాణంలో 75 శాతం నీడది కూడా చూపించారు కానీ, 50 శాతంది తెచ్చుకున్నా. కాయగూరలకు వెలుతురు మరీ తగ్గితే తీగలు సన్నగా సాగి పూత పెట్టవు. ఎత్తు ఏడడుగులకు తగ్గకూడదు, వేడి గాలి పోవడానికి పక్కలు తెరిచే ఉండాలి. నాలుగు పక్కలా దించి కట్టిన నెట్ కింద నిలబడితే ఊపిరాడదు, మొక్కకూ అంతే. ఇంకోటి గాలిదుమారం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్కసారిగా లేస్తుంది. అందుకే ఒక పక్క ముడులు వేయకుండా ఊడదీసే కొక్కేలు పెట్టించాను. మబ్బు పట్టగానే ఆ పక్క విప్పేస్తే నెట్‌ను మోసే పైపులు వంగవు.

ఏప్రిల్ చివర

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు నడుస్తున్నాయి, వరిగడ్డికి కొదవ లేదు. మిర్యాలగూడ వైపు నుంచి కట్టలు తెప్పించి, గింజలు రాలేలా బాగా దులిపి, ప్రతి కుండీలో మూడు అంగుళాల మందాన పరిచాను. దులపకపోతే తడికి వరి మొలుస్తుంది. కాండానికి రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, గడ్డి ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది. మా మేనత్త వనపర్తి నుంచి పల్లికాయ పొట్టు ఓ సంచి పంపింది. అది చిన్న కుండీలకు గడ్డికన్నా నయం. గడ్డి పరిచిన కుండీలో వేలు పెడితే సాయంత్రం కూడా తడి తగులుతోంది.

పొడవాటి మడిలో రెండు మట్టి కుండలు మెడ దాకా పాతాను. ఈ కాలంలో కుమ్మరి దగ్గర కుండలకు కరువు లేదు కానీ, రంగు పూసినవి పనికిరావు, వాటిలోంచి నీళ్లు ఊరవు. నింపి మూత పెడితే చుట్టూ మట్టి ఎంత ఆరితే అంత ఊరుతుంది. బీర, కాకర వేర్లు ఆ కుండను చుట్టుకుంటాయి. బోరు నీళ్లతో కొన్నాళ్లకు రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు తీసి పీచుతో గట్టిగా రుద్దాలి.

భరణి కార్తె

నీళ్ల గురించి కాస్త వివరంగా రాసుకుంటా. ఎండకాలంలో ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే.

మధ్యాహ్నం రెండింటికి బీర, ఆనిగెపు ఆకులు వాలిపోతాయి. చూస్తే ప్రాణం ఆగదు, పైపు పట్టుకోబుద్ధవుతుంది. వేరు తాగే వేగం కన్నా ఆకు నుంచి నీరు పోయే వేగం ఎక్కువైతే, మట్టిలో తడి ఉన్నా ఆకు వాలుతుంది. పొద్దు వాలాక తిరిగి లేస్తే భయం లేదు. పొద్దున ఆరింటికి కూడా వాలే ఉంటే అప్పుడు దాహమని లెక్క. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి. తడి మట్టిలో మళ్లీ పోస్తే వేరుకు గాలి అందదు, కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి ఆకు ఇంకా వాలుతుంది, మనం ఇంకా పోస్తాం.

పొద్దున ఏడు లోపు, అడుగు రంధ్రంలోంచి కారేదాకా ఒకేసారి నిండుగా పోస్తున్నా. చిన్న కుండీలకు సాయంత్రం ఇంకోసారి. మిద్దె మీది ట్యాంకు నుంచి పగలు వచ్చే మొదటి నీళ్లు సలసలలాడుతుంటాయి, వాటిని బకెట్లో పట్టి చల్లారనివ్వాలి.

మా జిల్లా బోరు నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరే పడింది. కుండీలో మొక్కకు మాత్రం ముందుగా కనబడే తంటా ఉప్పులది. నీరు ఆవిరై ఉప్పు మిగిలి, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. పై పొర గీకేసి, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తున్నా, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. కూలర్ అడుగున మిగిలే నీళ్లు మాత్రం పోయొద్దు. అందులో నీరు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది.

కృత్తిక కార్తె

టమాటా తీసేశాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలుతుంది. ఎరువు వేసినా ఆగదు. ఆ కుండీల్లో ఇప్పుడు గంగవాయిల కూర. ఇంత ఎండలో కూడా నిగనిగలాడుతూ పాకుతోంది, పప్పులో రుచి చెప్పక్కర్లేదు. పుంటికూర, బెండ, తీగ బచ్చలి కూడా తట్టుకున్నాయి. మిర్చి, వంకాయ పూత రాల్చాయి కానీ చెట్టు బాగుంది, వానలకు మళ్లీ కాస్తాయి. ప్రాణం నిలిస్తే చాలు, కాయలు అడగను.

బెండ ఆకుల అడుగున ఎర్రనల్లి. పొడి వేడి దానికి పండగ. రెండు రోజులు పొద్దున్నే ఆకుల కింది నుంచి పైపుతో గట్టిగా కడిగాను. మిగిలినవాటికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి పొద్దుగూకాక కొట్టాను. ఎండలో నూనె కొడితే ఆకు మాడుతుంది.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండ. కత్తిరింపు లేదు, కుండీ మార్పిడి లేదు, ఎరువు లేదు. వాకిట్లో బత్తాయికి మాత్రం మొదలును వదిలి కొమ్మల అంచు కింద పాదు చేసి వారానికి రెండుసార్లు తడుపుతున్నాం. సన్న వేర్లు ఎక్కువ అక్కడే ఉంటాయి, మొదలు తడవకపోతే బంక తెగులు భయమూ తక్కువే.

మిరుగు

మొదటి వాన పడింది. నెట్ ఒక్కసారిగా తీయడం లేదు. నీడకు అలవాటు పడ్డ ఆకు, వాన వెలిశాక వచ్చే ఎండకు తెల్లబడి మాడుతుంది. మబ్బున్న రోజుల్లో మాత్రమే ఒక పక్క విప్పుతున్నా. కుళ్లిన గడ్డిని మట్టిలో కలిపేసి, వంకాయ కొమ్మలు సగానికి కత్తిరించి, గుప్పెడు వర్మీకంపోస్టు వేశాను. చిక్కుడు గింజలు నానబెట్టాం, రేపు పొద్దున పెట్టాలి.